అడ్రసు మార్చే బ్రాంచి

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే కామాటిపుర గల్లీల్లో ఒకటే ప్రశ్న: "కంప్యూటర్ల సీటొచ్చిందా బిడ్డా?" పిల్లకు లెక్కలంటే ఇష్టమా, అసలు ఇంట్లో కంప్యూటరుందా అని అడగడం మర్యాద కాదు. వచ్చిందంటే పేడాలు పంచుతారు. రాలేదంటే పరామర్శకొస్తారు.

"మెకానికల్" అన్న కుర్రాణ్ణి "గ్యారేజీ పెట్టుకుంటవా?" అంటాడు పెదనాన్న. "సివిల్" అన్నవాడి గతి మరీ అన్యాయం. "తాత తట్ట మోసిండు, నాయిన కూలీ నాకా మీద నిలబడ్డడు, నీకు గూడ సిమెంటేనా?" అని నోరు మూయిస్తారు. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి ఈ బొంబాయికి రాయి మోసినవాళ్లు కామాటీలు. పేటకు పేరే వాళ్లది. కట్టడానికి కూలీలుగా తరతరాలు పనికొచ్చాం. కట్టించే ఇంజనీరవడం మాత్రం మనకు నామోషీ.

మన పక్కనే గ్రాంట్ రోడ్డు, ముంబై సెంట్రల్ కింద సొరంగం తవ్వి మెట్రో మూడో లైను వేశారు. 2025 అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా రైలు నడిచింది. ఆ సొరంగానికి లెక్కలు కట్టిన ఇంజనీర్లను చూసి మనవాళ్లు జాలిపడే ఉంటారు, పాపం, వీళ్లకి కంప్యూటర్ల సీటు దొరకలేదు కాబోలని.

ఇప్పుడు కామాటిపురనే కూల్చి కొత్తగా కట్టే పథకం సర్కారీ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. రేపు బిల్డరు మనిషి ప్లాను కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని చాల్ మెట్లెక్కుతాడు. కార్పెట్ ఏరియా అని రాసినదాంట్లో మంచం వేసుకునే చోటెంత, పగ్డీ అద్దె ఖోలీ పోయి వచ్చే కొత్త గది కొలత ఎవరు కొలిచారు, ఆ గీతల్లో మెట్లెక్కడ, కక్కసెక్కడ? చదివి చెప్పే బిడ్డ కోసం గల్లీ అంతా వెతుక్కుంటాం. ఏఐ-ఎంఎల్ పట్టాలకు మాత్రం కొరత ఉండదు. వాళ్లు ఆ కాగితాన్ని ఫోటో తీసి చాట్‌జీపీటీని అడుగుతారు.

ఇంత భక్తి కంప్యూటరు మీద అనుకుంటే పొరపాటు. ఇది పిన్‌కోడు మీద కోపం. ఇంటర్వ్యూకి పోయిన పిల్ల ఎక్కడుంటావంటే గ్రాంట్ రోడ్ అంటుంది, నాగ్‌పాడా అంటుంది, ముంబై సెంట్రల్ అంటుంది, చచ్చినా కామాటిపుర అనదు. కొన్ని గల్లీల పడుపు వ్యాపారానికి పేట మొత్తం పరువు పోయింది మరి. అందుకే కంప్యూటర్ల సీఎస్ఈ మనకు చదువు కాదు, వాషీలోనో థానేలోనో ఫ్లాటు, సంబంధాల దగ్గర తలెత్తి చెప్పుకునే అడ్రసు. ఊరు వేసిన మచ్చను తుడిచే బాధ్యత పదిహేడేళ్ల పిల్ల మీద, అదీ జావాతో!

ఇందులో పెద్ద తమాషా, ఆ సీటు కోసం కులం సర్టిఫికెట్ తీయడం. ఓబీసీ అయితే 1967 అక్టోబరు 13కు ముందునుంచే మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువు చూపాలి. అటక మీది ట్రంకు పెట్టె దిగుతుంది. తాత మిల్లు టికెట్టు, పాత రేషను కార్డు, మునిసిపల్ తెలుగు బడి దాఖలా, దేని మీద చూసినా కామాటిపురే. కంపెనీకి దాచే అడ్రసునే సర్కారు ముందు జిరాక్సులు తీయించి, సంతకాలు పెట్టించి, క్యూలో నిలబడి రుజువు చేసుకోవాలి.

ఆ మిల్లు టికెట్టును పెట్టెలో పెట్టేసేముందు ఒకసారి తిప్పి చూడండి. 1887లో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది మన పక్క బైకల్లాలోనే. 1923లో మాటుంగా వెళ్లింది, ఇప్పటి వీజేటీఐ అదే. మిల్లుల బొంబాయిలో మగ్గానికీ మరకూ చెందిన చదువే ఆనాటి సీఎస్ఈ. మన పద్మశాలీలు పనిలో పెట్టించే జాబర్ చెయ్యి తడిపి మిల్లులో చేరారు. బద్లీ కార్మికుడు రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. లోపలివాడు రాకపోతేనే వీడికి పని. అయినా "మిల్లు కొలువు" అంటే పిల్లనిచ్చేవారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. చాలామంది మళ్లీ ఆ గేటు లోపలికి పోలేదు. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లు ఆఫీసులతో నిండింది. తాతను రానివ్వని గేటులోకి మనవడు ఐడీ కార్డు మెళ్లో వేసుకుని పోతున్నాడు. సంతోషమే. కానీ జాబర్ ఎక్కడికీ పోలేదు, అడ్మిషన్ కన్సల్టెంటు అయ్యాడు. బద్లీ కూడా పోలేదు, పని కోసం కాచుకుంటూ ఐటీ కంపెనీ బెంచి మీద కూర్చున్నాడు. 1968లో ఈ ఊళ్లోనే పుట్టిన టీసీఎస్ 2025 జూలైలో పన్నెండు వేల పైచిలుకు మందిని తగ్గిస్తామంది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుం పెట్టింది. అయినా మన చాల్లో పేడాల ధర కూడా తగ్గలేదు.

కాలేజీలకైతే నిత్య కల్యాణం. బాగా నడుస్తున్నవాటికి బ్రాంచికి ఇన్నే సీట్లన్న హద్దును 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎత్తేసింది. ఇంకేం, బోర్డులు రాసే పెయింటరుకు చేతినిండా పని: డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ. నిన్నటిదాకా వేరే పాఠం చెప్పిన సారే ఇవాళ కృత్రిమ మేధ చెబుతాడు. ఆయన మేధ సంగతి అడక్కండి. అమ్మ చీటీ ఎత్తింది, నాన్న గొలుసు కుదువపెట్టాడు, పిల్లవాడు బోర్డు చదివి మురిశాడు. నిజంగా కోడింగంటే పిచ్చి ఉన్న పిల్ల మాత్రం ఈ మందలో కొట్టుకుపోతోంది. తనకు ఆ సీటు ఎందుకు కావాలో చెప్పమని అడిగినవాళ్లు లేరు కాబట్టి, తనకూ పక్కవాడికీ తేడా ఉందని కూడా ఎవరికీ తెలియదు.

పెద్దనాన్నలూ, మామయ్యలూ, సంఘం పెద్దలూ, ఒక్క మనవి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీలో మూడో ఏడు చదివే పిల్లను పట్టుకుని, ల్యాబు వారానికెన్ని రోజులు తెరుస్తారో అడగండి. అడ్మిషన్ల క్యాప్ రౌండులో ఆప్షన్లు నింపేది పిల్లల లాగిన్‌తోనే. ఈసారి ఆ పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.