పాపీ సోడా, పాపం బొజ్జ

మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ ఈసారి చాక్లెట్లు తేలేదు. బట్టల మధ్య చుట్టి నాలుగు సోడా డబ్బాలు తెచ్చాడు. పేగులకు మంచివట. "బావా, నీ బొజ్జ నీ తప్పు కాదు. లోపల మంచి బాక్టీరియా ఆకలితో మాడుతోంది, అంతే" అన్నాడు. నా బొజ్జను ఇంత మర్యాదగా వెనకేసుకొచ్చినవాడు ఇంతవరకు లేడు. ఒకప్పుడు లావుకు వంశం కారణం, తర్వాత థైరాయిడ్, ఇప్పుడు పేగులు. బొబ్బట్లు మాత్రం ఏనాడూ బోనెక్కలేదు.

ఆ డబ్బాల మీద రాసిన ప్రీబయోటిక్ అన్న మాట పుట్టింది 1995లో. మనకు అరగని పీచు పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అన్నం. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఇన్యులిన్ అలాంటిదే. దాన్ని తిని అవి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, వాటితో పేగు గోడ బలపడుతుంది. ఇందులో అబద్ధం లేదు. బడాయంతా డబ్బా మీదే.

అమెరికాలో ఇలాంటి సోడాల్లో పేరుమోసినదాని పేరు పాపీ. (నేను పెట్టిన పేరు కాదు.) 2024 నాటికి డబ్బాకు 2 గ్రాముల ఇన్యులిన్, అదీ మనం తాళ్లు పేనే కిత్తనార జాతి మొక్క నుంచి. కెనడాలోని కాల్గరీలో లావుగా ఉన్నవాళ్లకు ఇన్యులిన్‌కు చుట్టమైన ఒలిగోఫ్రక్టోజ్‌ను రోజుకు 21 గ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చి చూశారు. 2009లో ఫలితం అచ్చయింది. సగటున తగ్గింది కిలో. అంత పీచు ఈ సోడాతోనే రావాలంటే రోజుకు పదిన్నర డబ్బాలు, మొత్తం 882. డబ్బాకు నాలుగైదు గ్రాముల చక్కెర చొప్పున రోజూ పది చెంచాల పంచదార కొసరు. ఆపైన ఇన్యులిన్ మోతాదు మించితే వచ్చే గ్యాసు. దాన్ని ఇంట్లోవాళ్లందరికీ పంచాలి.

2 గ్రాములు ఏ మూలకని 2024లో కాలిఫోర్నియాలో దావా వేశారు. కంపెనీ 89 లక్షల డాలర్లకు రాజీ పడింది. దావా నడుస్తుండగానే, 2025 మార్చిలో, పెప్సీకో ఆ కంపెనీని 195 కోట్ల డాలర్లకు బేరమాడింది. ఎవరి పొట్ట నిండిందో లెక్క తేలింది కదా.

ఇక పాలీఫినాల్స్. నేరేడు వగరు, టీ వగరు వాటివే. చాలా భాగం ఒంటికి పట్టకుండా పెద్దపేగు దాకా వెళ్తాయి, అక్కడ బాక్టీరియా వాటిని విడగొడుతుంది. 2015లో కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో కొవ్వు, చక్కెర మేపిన ఎలుకలకు క్రాన్‌బెర్రీ సారం ఇస్తే అక్కర్‌మాన్సియా అనే బాక్టీరియా పెరిగింది, ఎలుకలు అంతగా లావెక్కలేదు. సంతోషం. ఎలుకలకు అభినందనలు. 2019లో బెల్జియంలో ఆ బాక్టీరియానే నేరుగా మనుషులకు మూడు నెలలు ఇచ్చారు. చివరిదాకా ఉన్నవాళ్లు 32 మంది. వేడిచేసి చంపిన బాక్టీరియా మింగినవాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, బరువులో తేడా మాత్రం గణాంకాల పరీక్షకు నిలవలేదు. పరిశోధకులు ఆ ముక్క దాచలేదు. ఆ బాక్టీరియాను అమ్మే మాత్రల సీసా మీద దానికే చోటు దొరకలేదు.

మనమేం తక్కువ తినలేదు. తవుడు గేదెకు పెట్టి, తెల్లన్నం మనం తిని, పీచు కోసం మందుల షాపుకెళ్తున్నాం. ఈలోగా "ఇవన్నీ మన తాతలకు ఎప్పుడో తెలుసు" అనే బృందం తయారు. తాతలకు అక్కర్‌మాన్సియా తెలియదు. ఉలవచారు తాగారు, పొలానికి నడిచి వెళ్లారు, అంతే.

బావమరిది వెళ్తూ వెళ్తూ గ్రీన్ టీ సారం మాత్రలు కూడా కొనుక్కోమన్నాడు. కప్పులో కాచుకునే టీకి వంక లేదు. కానీ ఆ సారంలోని ఈజీసీజీ అనే పాలీఫినాల్ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తపరీక్షల్లో కనిపించాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే, ఒక్కసారి తిప్పి వెనక అంకె చూసుకోండి.