గూడూరు నుంచి నెల్లూరు దాకా

ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒకాయన ఉంటాడు. కుర్రతనంలో ఎవరో ఒక గొప్పవాడు ఆయనకి రైల్లోనో తిరుపతి క్యూలోనో తారసపడి ఉంటాడు. ఆ తర్వాత ఆయన ఉద్యోగం చేశాడు, పిల్లల్ని చదివించాడు, ఇల్లు కట్టాడు, రిటైరయ్యాడు. అవేవీ ఆయన లెక్కలోకి రావు. ఆ పూట ఒక్కటే లెక్క. ఒకాయన సావిత్రి కారుకి దారిచ్చాడు. ఇంకొకాయన పక్కింటికి చుట్టపుచూపుగా వచ్చిన సుశీల గారికి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. మా ఇంట్లో ఆ పదవి మా మావయ్యది. ఆయన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో కలిసి రైల్లో వచ్చాడు.

1970 ప్రాంతం. మద్రాసులో ఏదో ఇంటర్వ్యూకి వెళ్ళి, ఉద్యోగం రాదని అక్కడే తేలిపోయి, జనరల్ పెట్టెలో నెల్లూరుకి తిరిగొస్తున్నాడు. బాలు సినిమాలకి పాడటం మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్ళన్నా కాలేదు. ఆ రోజుల్లో గాయకుల మొహాలు ఎవడికి తెలుసు? హైదరాబాదు దూరదర్శనే 1977లో వచ్చింది. రేడియో సిలోన్‌లో పేరు చెప్పేవాళ్ళు, గొంతు వినిపించేది, రికార్డు అట్ట మీద హీరో హీరోయిన్లు నవ్వుతుండేవాళ్ళు. మరి ఆ మనిషి బాలు అని నీకెలా తెలిసింది మావయ్యా అని చిన్నప్పుడు నేనొకసారి అడిగాను. "మనిషిని చూసి కాదబ్బయా, దగ్గును బట్టి పట్టేశా" అన్నాడు. అంత శ్రుతిగా దగ్గేవాడు మామూలువాడు కాడట.

మొదట్లో ఈ కథ చాలా పొట్టిది. బాలు గూడూరులో ఎక్కాడు, నెల్లూరులో దిగాడు. నలభై కిలోమీటర్లు కూడా లేని దూరం. ఇందులో నమ్మలేనిదేమీ లేదు. బాలు ఇల్లు నెల్లూరే, వాళ్ళ నాన్న సాంబమూర్తి గారి హరికథలు వినని పెద్దవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. కొడుకు ఇంటికి రాకుండా ఉంటాడా? ఆ ప్రకారం మావయ్య కథ హాయిగా సాగిపోతుండగా, 1980లో 'శంకరాభరణం' వచ్చి పడింది.

సినిమా చూసొచ్చిన రాత్రే కథ పెరిగింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని బాలు దిగులు పడుతుంటే, మావయ్య "ఏం ఫర్వాలేదు, నీకు అబ్బుద్ది" అని ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యానికి జాతీయ అవార్డు వచ్చింది. మరుసటేడు 'ఏక్ దూజే కే లియే'. హిందీలో కూడా అవార్డే. దాంతో, ప్రచార సభవారి మధ్యమ పరీక్ష పాసైన మావయ్య ఆనాడు రైల్లో బాలుకి హిందీ ఉచ్చారణ కూడా దిద్దినట్టు మాకు తెలిసింది. ఇన్ని సలహాలు గూడూరుకీ నెల్లూరుకీ మధ్య ఎక్కడ పడతాయి? అందుకని బాలు నాయుడుపేటలో ఎక్కడం మొదలుపెట్టాడు. 'సాగరసంగమం' నాటికి సూళ్ళూరుపేట. 'రుద్రవీణ' వచ్చాక ఏకంగా మద్రాసు సెంట్రల్లోనే ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చున్నారు. బాలుకి మొత్తం ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో. చివరి రెండూ వచ్చేసరికి మద్రాసుకి అవతల జరపడానికి పట్టాలు లేక, మావయ్య ఆ రైలుని దొరవారిసత్రం దగ్గర సిగ్నల్ లేదని రెండు గంటలు నిలబెట్టేశాడు.

ఆయన దగ్గర సాక్ష్యాలు లేవనుకోకండి. తెలుగులో కమల్‌హాసన్‌కి చాలా సినిమాల్లో గొంతిచ్చింది బాలూయే గదా. టీవీలో కమల్ సినిమా వచ్చిందంటే మావయ్య రిమోటు ఎవరికీ ఇవ్వడు. కమల్ నోరు తెరవగానే కుర్చీలోంచి ముందుకి వంగి, "ఇదిగో, ఇదే! నాతో మాట్లాడింది ఈ గొంతే!" అంటాడు. కమల్ అక్కడ ఏడుస్తున్నా, విలన్ని తిడుతున్నా మావయ్య మొహంలో పాత స్నేహితుడు పలకరించిన వెలుగే. వాళ్ళ అల్లుడు కొత్తల్లో, ఈయన కలిసింది కమల్‌హాసన్‌ననుకుని ఆఫీసులో చెప్పుకున్నాడు కూడా.

ఆటోగ్రాఫ్ సంగతి వేరు. అది ఉండేది. 1984 నవంబరు తుపానులో కొట్టుకుపోయింది. మా అత్తయ్య మాత్రం ఆ తుపానులో మన ఇంట్లో పోయింది పెరటి కొబ్బరిచెట్టొక్కటే అంటుంది.

అసలు చిక్కు ఇళయరాజాతో వచ్చింది. ఏ ఏటి నుంచో తెలీదు గానీ, బాలు పక్కన హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒక సన్నటి కుర్రాడు కూర్చోసాగాడు. కొన్నాళ్ళు ఊరికే కుర్రాడు. తర్వాత అతనికి పేరొచ్చింది. ఇక ఇది శుద్ధ అబద్ధమని మేమంతా నవ్వుకున్నాం. తీరా చూస్తే, బాలు కచేరీలు చేసుకునే తొలిరోజుల్లో ఆయన బృందంలో ఇళయరాజా, ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ నిజంగానే వాయించేవాళ్ళు. అబద్ధాలకోరుతో వచ్చే కష్టమే ఇది. మధ్యమధ్య చరిత్ర వచ్చి వాడి పక్కన నిలబడుతుంది. మావయ్య ఆ ముక్క ఏ సితారలోనో చదివి కథలో కలిపాడని నా అనుమానం. కానీ ఒక్కటి. ఇన్నేళ్ళలో స్టేషన్లు మారాయి, సలహాలు పెరిగాయి, మనుషులు ఎక్కారు దిగారు. బాలు చొక్కా జేబులో రెండు పెన్నులుండటం, అందులో ఒకదానికి క్యాపు లేక జేబు అంచున చింతగింజంత సిరా మరక ఉండటం మాత్రం ఒక్కసారీ మారలేదు.

పెళ్ళిళ్ళలో ఈయన్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది మాకో పెద్ద సమస్య. వియ్యాలవారి వైపు ఒకాయన ఘంటసాలకి తమలపాకులు అందించినవాడు. ఘంటసాల పేరెత్తాక బాలు పేరు చెప్పి నెగ్గడం కష్టం. ఒకసారి ఇద్దరూ ఒకే బంతిలో పడ్డారు. పులిహోర దగ్గర మొదలైన వాదం పెరుగన్నం దాకా వచ్చింది. చివరికి మావయ్య చెయ్యి కడుక్కుంటూ, "ఘంటసాల గారికి దణ్ణం పెడతాను బావగారూ. కానీ మీ కథ 1974లో ఆగిపోయింది. నాది ఇంకా నడుస్తోంది" అన్నాడు. అవతలాయన ఆ సాయంత్రం కాఫీ తాగలేదని విన్నాం.

2020 సెప్టెంబరు 25న బాలు పోయినప్పుడు చుట్టాలంతా మావయ్యకే ఫోన్లు చేసి ఓదార్చారు. ఆయన కూడా, దగ్గరివాళ్ళు పోతే మాట్లాడినట్టే, కరోనా కాబట్టి వెళ్ళలేకపోయానని అందరికీ చెప్పాడు.

ఆ మధ్య వంటింట్లో మినప్పప్పు ఏరుతూ అత్తయ్య అసలు సంగతి బయటపెట్టింది. పెళ్ళయిన కొత్తల్లో ఆయనే చెప్పాడట. గూడూరులో ఒక మనిషి ఎక్కి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారాండీ?" అని అడిగాడు. ఈయన కాళ్ళు చాపుకుందామని పక్కన తువ్వాలు పరిచి ఉన్నాడు. "ఉన్నారు" అన్నాడు. ఆ మనిషి నెల్లూరు దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాడు. దిగాక ప్లాట్‌ఫారం మీద జనం చుట్టూ మూగితే, ఎవరా అని అడిగి తెలుసుకున్నాడు ఈయన. "అప్పట్నుంచీ ఆయన్ని కూర్చోబెట్టే పన్లోనే ఉన్నారు నాయనా" అని అత్తయ్య చేట దులిపింది.

మొన్న సంక్రాంతికి మనవడు బెంగళూరు నుంచి దిగుతూనే ఫోను చూపించాడు. విమానాశ్రయంలో ఈ కాలపు గాయకుడొకడు, పక్కన వీడు, ఇద్దరివీ సగం సగం మొహాలు. మావయ్య కళ్ళజోడు నుదుటికి ఎత్తి, ఫొటోని పెద్దది చేసి, అతని జేబు వైపు చాలాసేపు చూశాడు.

"ఏమన్నాడు నీతో?"

"ఏమీ అనలేదు తాతయ్యా. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి."

మావయ్య ఫోను తిరిగి చేతికిస్తూ వాడి భుజం తట్టాడు. "ఓ పదేళ్ళు ఆగు. అంటాడు."