మూతికి మాస్కు, కాళ్లకు సెలవు

భిలాయి సివిక్ సెంటర్‌లో పలకరింపు మారింది. మొన్నటిదాకా "షుగరెంత బాబాయ్?" అనేవారు. ఇప్పుడు "వీఓ2 మాక్స్ ఎంత?" అంటే, గట్టిగా రొప్పేటప్పుడు ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదని.

1959లో ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కొలిమి ముందు నిలబడ్డ తాతలకు ఈ అంకె తెలీదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో బండచాకిరీ చేసే 65 కిలోల మగవాడికి రోజుకు 3470 కిలోకేలరీలు కావాలి, కూర్చుని పనిచేసేవాడికి 2110 చాలు. మనవడు కూర్చునేది ఏసీ గదిలో, తినేది మాత్రం తాత లెక్క. మిగిలింది ఎక్కడికి పోయిందో బెల్టు చిట్టచివరి చిల్లు చెబుతూనే ఉంది. అయినా ఆ వీఓ2 అంకె కోసం మూతికి మాస్కు బిగించుకుని, ట్రెడ్‌మిల్లు మీద రొప్పి, డబ్బు కట్టి, రంగుల కాగితం తెచ్చుకుంటేగానీ నమ్మడు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు. లోపల గులాబ్‌జామూన్.

పోటీల ఆటగాడికీ, డాక్టరు రాసిచ్చిన గుండె రోగికీ ఆ పరీక్ష అవసరమే, కాదనం. మిగతావాళ్లకు? ఎత్తు, బరువు, వయసుతో మెటబాలిక్ రేటును, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చుచేసే వేగాన్ని, ఉజ్జాయింపుగా తేల్చే సూత్రం 1919 నుంచీ ఉంది. గుండె భేషుగ్గా ఉంటే 12 నిమిషాలు పరిగెత్తి దూరం కొలుచుకోమని అమెరికా డాక్టరు కెన్నెత్ కూపర్ 1968లోనే చెప్పాడు. 2400 మీటర్లు దాటితే వీఓ2 మాక్స్ సుమారు 42. ఖర్చు, చెమట.

బాబాయ్, రేపు పొద్దున్నే మైత్రీబాగ్ పార్కు దాకా నడిచి రండి. బండి మీద కాదు.