గుండె ఆగల్ల గదా!

ఆరోగ్యశ్రీ మొదట అడుగుపెట్టింది మన జిల్లాలోనే అని రాయదుర్గంలో ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో! 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించింది. కరువు, వలస ఎక్కడెక్కడ ఎక్కువో ఏరి మరీ పట్టుకున్నారు. అన్నిట్లో ఆఖరున ఉండే మనం ఒక్కసారి ముందు వరసలో కూర్చున్నాం. తేదీ గురించి నేనేమీ అనను.

తర్వాత పథకానికి పేర్ల జబ్బు పట్టుకుంది. 2014లో సర్కారు మారాక ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. కౌంటర్‌లో కూర్చునే ఆరోగ్యమిత్ర సైతం వైద్యమిత్ర అయ్యాడు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో అది తీసి మళ్లీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. ఎవరికి నయమైందో ఏమో గానీ, బోర్డులు రాసే పెయింటర్లకు మాత్రం బాగా నయమైంది. జనం అదృష్టవంతులు, ఏ బోర్డు కింద నిలబడినా "ఆరోగ్యశ్రీ ఉందా సార్?" అనే అడుగుతారు.

పేరుతో పాటు పరిమితీ పెరిగింది. రెండు లక్షలతో మొదలై, రెండున్నర, ఐదు దాటి 2023 డిసెంబర్‌కల్లా 25 లక్షలకు చేరింది. పొద్దంతా మిషన్ మీద వంగి జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒకన్న టీ అంగడి దగ్గర ఛాతీ విరుచుకున్నాడు.

"మావోడు 25 లక్షలు చేసినాడప్పా!"

"సరేన్నా, నీకేముంది?"

"షుగరు."

"దానికిస్తారా?"

"దానికెందుకిస్తారప్పా? గుండె ఆగల్ల గదా!"

మన ఆరోగ్య విధానాన్ని ఇంత తేటగా ఏ మంత్రీ చెప్పలేదు. మంచమెక్కితేనే ఈ కార్డుకు విలువ. షుగరుకూ బీపీకీ రోజూ మింగే మాత్రలు సర్కారు దవాఖానాలో ఉంటే ఇస్తారు, లేకుంటే మెడికల్ షాపులో కొనుక్కోవాలి. ఓపిక పట్టి కిడ్నీలు పోయేదాకా ఆగితే డయాలసిస్ మాత్రం ఉచితం. బీపీ మాత్ర పట్టుకుని ఫ్లెక్సీలో ఏ నాయకుడు నవ్వుతాడు చెప్పండి? మనమూ తక్కువ తినలేదు. సర్కారు డాక్టరు ఉప్పు తగ్గించమని మాత్ర రాసిస్తే, "సూది కూడా వేయలేదు, వీడేం డాక్టరు" అని నేరుగా ఆరెంపీ దగ్గరికి పోయి గ్లూకోజు ఎక్కించుకుంటాం.

పెద్ద జబ్బొస్తే రాయదుర్గం బళ్లారి బస్సెక్కుతుంది. అనంతపురం కన్నా అదే దగ్గర. 1953 దాకా మనం బళ్లారి జిల్లావాళ్లమే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరులతో పాటు మనల్నీ తెచ్చుకున్నారు. తాలూకాను తెచ్చారు గానీ మన రోగాలను తేవడం మరిచారు.

ఇక ఆసుపత్రుల బకాయిల ముచ్చట. 2024 మేలో వైఎస్సార్ పేరు పెట్టిన ప్రభుత్వం ఉండగా, 2025 అక్టోబర్‌లో ఎన్టీఆర్ పేరు పెట్టిన ప్రభుత్వం ఉండగా, డబ్బు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. పేరు విషయంలో కొట్టుకునే రెండు పార్టీలూ బాకీ విషయంలో మాత్రం అన్నదమ్ములు. ఇంతటి ఐకమత్యం రాష్ట్ర విభజనప్పుడు కూడా చూడలేదు.

2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం కొత్త విధానానికి సరేనంది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ చూసుకుంటుందట, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటుందట. బాగుంది. రోగి చేయాల్సిందల్లా ఒక్కటే: తనకు రాబోయేది రెండున్నర లక్షల లోపు రోగమా, పై రోగమా అన్నది ముందే తేల్చుకుని, ఆ తర్వాత పడిపోవడం.