సిక్కూ తనదే, ఫిట్టూ తనదే!

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించిపోయాయి. ఖరగ్‌పూర్‌లోని మన తెలుగువాళ్ళ రైల్వే క్వార్టర్లలో రిటైరైన మామగార్ల జబ్బుల జాబితాను మాత్రం ఇంకా ఎవరూ మించలేదు. కోడలు పలాసలోని పుట్టింటికి టికెట్ తీయగానే గుండెదడ. గోల్‌బజార్ నుంచి కోడిమాంసం రాగానే దడ మాయం!

రైల్వేలో పనిచేసే కొడుకు సిక్‌లో ఉండాలంటే రైల్వే డాక్టరు ఒప్పుకోవాలి, మళ్ళీ డ్యూటీ ఎక్కాలంటే ఫిట్ సర్టిఫికెట్ చూపాలి. పెద్దాయనకు ఆ బాదరబందీ లేదు. పరీక్షలన్నీ బాగున్నాయంటే డాక్టరుకే చదువు రాదంటారు.

ఇంటివాళ్ళూ, రోజూ కాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. అప్పటికీ నీరసమంటే గంజితో గట్టి పథ్యం పెట్టండి. మధ్యాహ్నానికల్లా ఫిట్ సర్టిఫికెట్ ఆయనే రాసుకుంటారు!