కండువా లేని చేరిక

పోయిన నెల సంతలో ఒక పొట్టి పెట్టను కొని ఒంటిమిట్టకు తెచ్చాను. ఇంట్లో అప్పటికే ఆరు పెట్టలు, ఒక పుంజు. పార్టీ ఆఫీసులో కండువా కప్పినంత సంబరంగా గుప్పెడు నూకలు చల్లి, "ఇయ్యాల్టి నుంచి ఇది మనదే" అని పట్టపగలే పెరట్లో వదిలాను. ఫొటో తీసేలోపే దాని నెత్తిన రక్తం. పాత కార్యకర్తలు మరి, మూడేళ్లుగా అదే పెంటకుప్ప కెలికినవాళ్లు! పుంజు మాత్రం అధిష్ఠానంలా గోడెక్కి మెడ అటు తిప్పుకుంది.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వేవాడు థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే 1921లో డాక్టరేట్ కోసం సిద్ధాంత వ్యాసమే రాశాడు. పైది కిందిదాన్ని పొడుస్తుంది, ఆ కిందిది తన కిందిదాన్ని. ఏదైనా సర్కారు ఆఫీసులో ఒక పూట కూర్చుని ఉంటే ఆయనకు అంత శ్రమ తప్పేది.

పక్కింటి అవ్వ గోడ మీంచి చూసి తిట్టింది. "పగటిపూట యిడిస్తే పొడిసి సంపవా నాయనా? ముందు మూడు వారాలు ఎడంగా పెట్టు. దానికి కొక్కెర తెగులుంటే ఉన్నవీ పోతాయి. ఆమైన కండ్లకు కనపడేట్టు జాలీకి ఇవతల ఉంచు. ఆనక ఓ రాత్రి గూట్లోకి నూకు."

అపచారం అనుకోకపోతే, మా ఊరికి ఇది తెలియని పద్ధతి కాదు. కోదండరాముడి గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురే, ఒకే శిలలో. హనుమంతుడు అప్పటికింకా రాముణ్ని కలవలేదు కాబట్టి లోపల లేడు. గుడికి ఎదురుగా, కాస్త ఎడంగా, సంజీవరాయుడై ఉన్నాడు. అంతటి భక్తుడే బయట నిలబడితే, నేనేమో సంత కోడికి నేరుగా గృహప్రవేశం చేయించబోయాను. రాత్రి సంగతీ అంతే. ఊరూరా రాములవారికి పట్టపగలు పెళ్లయితే, ఇక్కడ పున్నమి వెన్నెల్లో. రాష్ట్రం విడిపోయి భద్రాచలం అవతలికి పోయాక, 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలు కూడా ఆ వెన్నెల్లోకే వస్తున్నాయి.

అవ్వ చెప్పినట్టే చేశాను. మేత గిన్నెలు కూడా రెండు చోట్ల పెట్టాను, ఒక దగ్గర తరిమితే ఇంకో దగ్గర నాలుగు గింజలైనా దొరుకుతాయని. తెల్లారి చూస్తే గూట్లో అందరికంటే కింది మెట్టు మీద పొట్టి పెట్ట. ఒకటీ అరా పొడిచాయి గానీ రక్తం రాలేదు. సభ్యత్వం వచ్చినట్టే, పదవి మాత్రం అడక్కూడదు.

ఆదివారం అల్లుడొచ్చాడు. రాగిసంగటిలోకి పులుసు కావాలి. మా ఆవిడ చూపు అన్నిట్లోకి బలిసిన పెద్ద పెట్ట మీద పడింది. కుర్చీ ఖాళీ అయిందో లేదో మిగతా ఐదింటికీ మళ్లీ మొదటి నుంచి తగువు. పెరడంతా ఈకలే. పుంజు గోడ దిగలేదు. రెండు గిన్నెల నూకలూ పొట్టి పెట్టే, తలెత్తకుండా, నిదానంగా తినేసింది.