డీవీడీ డ్రైవోద్ధరణము

తొలి నమస్కారం వినాయకుడిదే. కానీ ఈ కథలో విఘ్నమంతా ట్రే దగ్గరే కూర్చుంది గనక మలి నమస్కారం దానికి. బటన్ నొక్కితే లోపల గుర్రుమనడమే తప్ప గడప దాటి ఎరగని ఓ ట్రే మహాతల్లీ, మా అక్కాబావల పెళ్లిని కడుపులో దాచుకుని కూర్చున్నదానా, జయము జయము!

యుద్ధకారణం ఒక పళ్లెం. 2006లో జరిగిన ఆ పెళ్లిలో తాను చదివించింది వెండి పళ్లెమని బావగారి మేనత్త, స్టీలుదని బావగారి తల్లి. వదినా మరదళ్ల మధ్య రాయబారాలు నడిచాయి, బెడిశాయి. ఇక సాక్షి ఒక్కటే: పెళ్లి డీవీడీ. అది పాత డ్రైవులో చిక్కుబడింది. సాయంత్రం టీ చల్లారేలోగా సాక్షిని సభకు తెస్తానని బావగారు ప్రతిజ్ఞ పట్టారు. సెల్‌ఫోను లైటు పట్టే సారథ్యం నాకు దక్కింది.

నాయకుడి వంశం చెప్పకుండా కథ నడపకూడదు. 1982లో జపాను అంగళ్లలో సీడీగా అవతరించిన మూలపురుషుడికి 780 నానోమీటర్ల లేజరు, కంటికి కనబడని చూపు. 1996లో అక్కడే పుట్టిన డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని చూపు. పన్నెండు సెంటీమీటర్ల అదే బిళ్ల మీద పెద్దాయన 700 ఎంబీ మోస్తే, చిన్నవాడు ఒక్క పొరలోనే 4.7 జీబీ మోశాడు. చూపు సన్నబడేకొద్దీ గుంటలు చిన్నవయ్యాయి, బిళ్లలో చోటు పెరిగింది.

ఇక పురవర్ణన. బల్ల కింద, చెప్పుల స్టాండుకు ఉత్తరాన, సీపీయూ అనే కోట. ప్లగ్గు పీకి, ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ కరెంటును ధారపోసి, బావగారు ఇరుపక్కల తలుపులూ ఊడదీశారు. ఆహా, ఏమి ధూళి! ఫ్యాను రెక్కలకు ఉన్ని శాలువాలు కప్పినట్టుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ సందులో పగిలిన బల్లిగుడ్ల పెంకులు రెండు, తెల్లగా, గోరంత. మదర్‌బోర్డు నుంచి నలభై బెజ్జాల ఐడీఈ కేబులు రాజవీధిలా చదునుగా సాగి, దారిలో హార్డ్ డిస్కును పలకరించి డ్రైవు వీపుకు తగులుకుంది. పక్కనే పసుపు, నలుపు, నలుపు, ఎరుపు తీగల పవర్ కనెక్టరు. దాన్ని పీకడం ఎవరి తరం? బావగారు అటూ ఇటూ ఊపారు. పళ్లు బిగించారు. ఇష్టదైవాన్ని తలిచారు. ఆఖరికి అది ఊడి, ఆయన మోచెయ్యి బల్లకు తగిలింది.

"ఒరేయ్, లైటు మొహం మీద కాదురా, మరల మీద పట్టు!"

పక్కకు రెండేసి, సన్న మరలు నాలుగు. హార్డ్ డిస్కు మరలు వీటికన్నా లావు. వాటిని ఇక్కడ బిగిస్తే గాడి పాడవుతుంది. డ్రైవు ముందువైపు నుంచి జారి బయటపడింది. మొహం మీద సూది పట్టేంత బెజ్జం ఒకటి ఉంటుంది. అందులోకి సాగదీసిన జెమ్ క్లిప్పును మెల్లగా దూర్చగానే ట్రే పెదవి విప్పింది. దర్శనమైంది! స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు: "పెళ్లి - పార్ట్ 2".

కొత్త డ్రైవు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి జరిగిన దండయాత్రను వర్ణించాలనే ఉంది. పార్కింగ్ దొరకలేదన్న ఒక్క మాటలో అది అయిపోతుంది. అంగట్లో కొత్తవన్నీ సాటా వంశంవే. మన కేబులుకు సరిపడేది సెకండ్ హ్యాండులో దొరికింది. (ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు కావాలంటారు. ప్రయాణం అయింది, యుద్ధం నడుస్తోంది, వివాహం డిస్కులో ఉంది. జలక్రీడలు అడక్కండి.)

బిగించారు. ఎర్రగీత ఉన్న అంచు పవర్ వైపుకే తిప్పి కేబులు గుచ్చారు. స్విచ్ వేస్తే కొత్త డ్రైవే కాదు, హార్డ్ డిస్కు కూడా మాయం! కారణం రాజకీయం. అది పూర్వాశ్రమంలో మాస్టరుగా ఏలిన డ్రైవు; ఇక్కడ హార్డ్ డిస్కూ మాస్టరే. ఒక ఒరలో రెండు కత్తులు. డ్రైవు వీపున పిన్నుల మీద బియ్యపుగింజంత ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, జంపరని. అక్క కనుబొమలు దిద్దుకునే ప్లక్కరుతో బావగారు దాన్ని లాగి స్లేవ్ పిన్నులకు తొడిగారు. పట్టాభిషేకానికి సాక్షినయ్యాను గానీ, పదవి తగ్గించే ఇంత గంభీరమైన ఘట్టం నేనెన్నడూ చూడలేదు.

డిస్కు గిర్రున తిరిగింది. లేజరు లోపలి అంచున మొదలెట్టి బయటికి చదువుకుంటూ పోయింది. తెర మీద పందిరి, చదివింపుల వరస, మైకు పట్టుకున్న పెద్దాయన. మేనత్తగారు పట్టుచీరలో నడిచొస్తున్నారు, చేతిలో ఏదో గుండ్రంగా మెరుస్తోంది. సభంతా ముందుకు వంగింది. సరిగ్గా అక్కడే వీడియోగ్రాఫరు తన కళంతా చూపించాడు: సినిమా పాట, నాలుగు మూలల నుంచి నాలుగు హృదయాలు, మధ్యలో తెరంతా విచ్చుకున్న గులాబీ. అది వాడిపోయేసరికి వేదిక మీద వేరెవరో మిక్సీ అందిస్తున్నారు.

"చూశావా వదినా ఆ మెరుపు? స్టీలు అలా మెరుస్తుందా?" అన్నారు మేనత్తగారు.

"లైటింగు, అంతే," అని అత్తగారు పార్ట్ 1 ఎక్కడుందో వెతకమన్నారు.